స్టెప్నీల గాలి, ఇమానానికి ఎండి రంగు

నవ్వనని ఒట్టేస్తేనే చెప్త. మొన్న మా బామ్మర్ది గృహప్రవేశానికి నేను కోడెదూడలతోని కలిసి పోయిన! అదీ పట్టుచీర కట్టుకున్న పెండ్లాన్ని పక్కన నిలవెట్టుకోని!

తప్పు ఎవరిదంటరా? ఇంకెవరిది, నాదే. గద్వాలల డ్రాయింగ్ సారును, నోరు మూసుకోని బడి, ఇల్లు చూసుకోవచ్చు గద! లేదు. ప్లాస్టిక్ ముక్కలు అతికిచ్చి చిన్న చిన్న ఇమానాలు చేసే పిచ్చి. కుంచెతోని రంగేస్తే గీతలు పడ్తున్నయని హైదరాబాద్ నుంచి ఎయిర్‌బ్రష్ తెప్పిచ్చుకున్న. చూడనీకె పెన్ను లెక్క ఉంటది. గాలి పెడితే రంగు పొగ పొగగ పోయి సాఫ్‌గ కూసుంటది. అంత బాగనే ఉన్నది గని, గాలి యాడికెళ్లి తేవాలె?

కంప్రెషర్ కొంటనంటే మా సుజాత, "ముందుగాల మిక్సీ బాగు చేపియ్యి" అన్నది. సైకిల్ పంపు పెట్టి చూసిన. పంపు కొట్టనీకె రెండు చేతులు, బ్రష్‌కు ఒకటి, ఇమానానికి ఒకటి కావాలె. నాకున్నయి రెండే! ఆఖరికి యూసుఫ్ భాయ్ పంచర్ దుకాణానికి పోయి ఆయన మిషన్‌కు పైపు పెట్టుకున్న. గాలి మస్తు వచ్చింది. కాని లారీ పోయినప్పుడల్లా దుబ్బ లేసి తడి రంగుకు అంటుకున్నది.

నా మొకం చూసి యూసుఫ్ భాయే అన్నడు: "సార్, నిండుగ గాలున్న టైరు ఒకటి ఇంట్ల పెట్టుకో. దాని మూతికి ఈ పైపు తగిలియ్యి. గాలి అయిపోయినంక తే, మళ్ల నింపుత."

అరె వా! నా వాకిట్లనే జీపు ఉన్నది గద!

జీపు మా బామ్మర్ది శీనుది. కొల్లాపూర్ల కొత్త ఇల్లు కట్టిండు. తెల్లారి పదింటికి ముహూర్తం. పాలు పొంగియ్యాల్సింది ఇంటి ఆడబిడ్డ, అంటే మా సుజాత. అక్క బస్సులల్ల పరేషాన్ కావద్దని పాపం జీపు పంపిండు. జీపు ఎనక స్టెప్నీ. గట్టిగ తన్ని చూసిన, నిండుగ ఉన్నది.

సాయంత్రం దాన్ని ఇప్పి అర్రల పెట్టుకోని, మూతికి పైపు తగిలిచ్చి, ఇమానానికి తళతళలాడే ఎండి రంగు కొట్టిన. ఏం రంగు వచ్చిందయ్యా! ఒక్క మచ్చ లేదు, ఒక్క గీత లేదు. రెక్కలైనయి, తోకైంది, స్టెప్నీల గాలి గూడ అయింది. పొద్దుగాల నింపిచ్చుకుందమనుకున్న. పొద్దుగాల ఆరింటికి పోతే యూసుఫ్ భాయ్ దుకాణం షట్టర్ దిగి ఉన్నది! స్టెప్నీ ఎన్నడన్న వాడినమా ఏందని నాకు నేనే చెప్పుకోని, దాన్ని అట్లనే బిగిచ్చి, సుజాత తయారైనంక ఎనిమిదింటికి బండి తీసిన.

పెబ్బేరు దాటి మూడు కిలోమీటర్లు పోయినమో లేదో, ఫట్! ముందర టైరు పోయింది.

సుజాత దిగి నిమ్మళంగ, "స్టెప్నీ ఉన్నది గద, మార్చు" అన్నది. అన్ని దేవుండ్లకు మొక్కుకుంట మార్చిన. జాకీ దించంగనే జీపు ఒక పక్కకు కూలవడ్డది. ఆమె టైరును బొటనవేలుతోని నొక్కి చూసింది.

"గాలేది?"

నేను ఆకాశం దిక్కు చూసిన.

"నిన్న సాయంత్రం అర్రలకెళ్లి బుస్సు బుస్సుమన్నది... అది ఇదేనా?"

"ఎండి రంగు మాత్రం మంచిగ కూసున్నది సుజాతా..."

"నా తమ్ముని ఇంట్ల నేను లేకుండ పాలు పొంగినయనుకో, నువ్వు ఆ ఇమానం ఎక్కి గద్వాలకు పో. నేను రాను!"

నిజంగ ఏడుపే వచ్చిందామెకు. నాకు మస్తు సిగ్గైంది. అంతల సెల్ మోగింది. శీను! "బావా, యాడున్నరు? పంతులు ఆగుతలేడు!" "ఇగో, వచ్చినం, వచ్చినం!" అన్న. బస్సు జాడ లేదు.

దేవుడున్నడు. ఆ రోజు పెబ్బేరు సంత. పొద్దుగాలనే బేరం కుదిరిన ఒక పెద్దాయన రెండు కోడెదూడలను వ్యాన్ల ఎక్కిచ్చుకోని కొల్లాపూర్ దిక్కే పోతుండు. జీపును ఆడనే ఇడిచి, రోడ్డుకు అడ్డం నిలవడి ఆపిన. ముందర జాగ లేదు.

"ఎనక ఎక్కుండ్రమ్మా. కోడెలు మంచియే. కొత్తోళ్లను చూస్తే జర నాకుతయి, అంతే" అన్నడు.

జర కాదు! కొల్లాపూర్ దాంక నా అంగీ మొత్తం నాకినయి. ఒకటి సుజాత జడల పూలు సగం మెక్కింది. ఆమె మాత్రం పాలు పొంగియ్యనీకె తెచ్చిన గిన్నెను గుండెలకు పట్టుకోని, నా దిక్కు ఒక్కసారి గూడ చూడలే.

ముహూర్తం ఇంక ఐదు నిమిషాలున్నదనంగ దిగినం. సుజాత ఉరికింది. పొయ్యి ముట్టిచ్చింది, పాలు పోసింది. తెల్లగ పొంగినయి! నేను ఎనకకెళ్లి చూసుకుంట కండ్లు తుడుచుకున్న. అంత నిమ్మళమైంది పానం.

గంతటితోని అయిపోతే బాగుండు. పాలు పొంగినంక ఆమె నోరు పొంగింది. పొయ్యికాడ మొదలువెట్టి బంతి భోజనాల దాంక చుట్టాలందరికి చెప్పింది: "మా ఆయన జీపుల గాలి తీసి ఇమానానికి కొట్టిండు!"

సాయంత్రం బట్టలు పెట్టే యాళ్ల మమ్మల్ని పీటల మీద కూసోవెట్టిండ్రు. సుజాతకు చీర, రైక. నా పళ్లెంల ప్యాంటు గుడ్డ, అంగీ గుడ్డ, వాటి మీద కొత్త కాలిపంపు! దానికి పసుపు, కుంకుమ బొట్టు గూడ పెట్టిండు శీను.

"బావా, ఇగ నా జీపును ఇడిచిపెట్టు" అని దండం పెట్టిండు. అందరు పొట్టలు పట్టుకోని నవ్విండ్రు. సుజాత గూడ నవ్వింది, పొద్దుగాల నుంచి మొదటిసారి.

సిగ్గున్నోడైతే తల దించుకుంటడు గద? నేను పంపును అటు తిప్పి ఇటు తిప్పి చూసిన. కాలితోని తొక్కితే రంగు కొట్టనీకె రెండు చేతులు ఖాళీ! అడిగిన:

"శీనూ, దీనికి గాలి ఎంతున్నదో చూపిచ్చే మీటర్ రాదా?"