కొల్లేట్లో తాతయ్య మోటారు

డిగ్రీ అయ్యాక నాలుగు నెలలు వట్లూరులో మా ఇంటి షెడ్డులోనే గడిపి, తాతయ్య కొల్లేట్లో నడిపిన పాత పడవ మోటారును బాగుచేశాను. చేపల చెరువులున్న బాబాయి వచ్చినప్పుడల్లా అందరి ముందూ నవ్వేవారు.

"పుస్తకాలు చదివితే ఇంజన్లు తిరుగుతాయా అమ్మాయ్? ఆదివారం కొల్లేట్లో స్టార్టవ్వకపోతే తుక్కులో వేసేస్తాను."

అప్పటికే నీళ్ల డ్రమ్ములో పెట్టి నడిపి చూసుకున్నాను. ఆ సంగతి నా డైరీకే తెలుసు.

ఆదివారం ఆకివీడు దగ్గర మోటారును పడవకు బిగించి, పెట్రోలు కుళాయి మాత్రం కట్టేసి ఉంచాను. "ముందు మీరు లాగండి బాబాయ్" అన్నాను. స్టార్టింగ్ తాడు లాగి లాగి ఆయన చొక్కా తడిసిపోయింది. "ఇది చచ్చిన ఇంజనండీ!" అన్నారు, చుట్టూ చేరిన జాలర్లతో.

"కాస్త జరుగుతారా?" అని, చాటుగా కుళాయి తిప్పి, పెట్రోలు ఇంజన్లోకి దిగేదాకా పది లెక్కపెట్టి, ఒక్కసారి లాగాను. మోటారు అందుకుంది.

"ఏవండీ, మీ చేతిలో చచ్చింది, అమ్మాయిగారి చేతిలో లేచిందండీ!" అని జాలర్లు ఒకటే నవ్వు. బాబాయి తల దించుకున్నారు. నాకు జాలి మాత్రం కలగలేదు.

కుళాయి సంగతి ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఇది అచ్చయ్యే ఈ పత్రిక వాళ్లింటికీ వస్తుంది. చదువుకోనివ్వండి.