జర ఆగు, విమానం పోనీ

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్ద కథేమీ కాదు, ఒక్క మాట. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. ఎరిగినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు ఎందుకు పడుతుంది?

పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తాను. నాకు పని నేర్పింది రషీద్ భాయ్. ఆయన దగ్గర పాత వాల్వుల ఆంప్లిఫయర్ ఉండేది. ఎత్తితే నడుం పట్టేసేది. కానీ దాంట్లోంచి గిటార్ పలికితే వెచ్చగా, కాస్త బొంగురుగా, ఎవరో పెద్దమనిషి మనతో మాట్లాడుతున్నట్టుండేది. తర్వాత వచ్చిన తేలికపాటి పెట్టెలన్నీ అరిచేవే. పాతది ఒక్కటి దొరుకుతుందేమోనని హైదరాబాద్ పాత సామాను దుకాణాలన్నీ గాలించాను. దొరకలేదు.

శంషాబాద్‌లో, ఆయన ఇంటి మీదుగా విమానాలు కొత్తగా తిరుగుతున్న రోజుల్లో రషీద్ భాయ్ పోయారు. కొన్నాళ్లకు ఆయన భార్య కబురు పెట్టింది. ఆమెను ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాణ్ణి. ఇల్లు ఖాళీ చేసి బడంగ్‌పేట్‌లో కూతురి దగ్గరికి పోతోంది. నేను వెళ్తే, ఆ ఆంప్లిఫయర్ పెట్టె మీద దుప్పటి తీసి, చూడమంది.

"మోగితే నాతోనే తీస్కపోత తమ్మీ. ఆయన ఆవాజ్ ఇంట్ల ఉన్నట్టుంటది. మోగకుంటే నువ్వే తీస్కపో, లోపలి సామానన్న పనికొస్తది."

పాత వాల్వ్ రేడియో చూసినవాళ్లకు తెలుసు, స్విచ్ వేయగానే అది పలకదు. లోపలి గాజు వాల్వులు వేడెక్కాలి. ఈ పెట్టె కూడా అంతే. అది నాకు తెలుసు. ఆపాకు తెలియదని కూడా తెలుసు.

గిటార్ తగిలించి స్విచ్ వేశాను. ఎర్ర దీపం వెలిగింది. వెంటనే తీగలు మీటాను. చప్పుడు లేదు. సరిగ్గా అప్పుడే పైనుంచి విమానం. కిటికీ తలుపులు అదిరాయి.

"జర ఆగు తమ్మీ, విమానం పోనీ. గీ లొల్లిల ఇనొస్తలేదు."

ఆగితే పలుకుతుంది. ఆ మోత తగ్గేలోపే స్విచ్ కట్టేశాను.

"లేదాపా. చెడిపోయింది."

ఆమె పెట్టె మీద చెయ్యి వేసి, "ఆయనతోనే పోయినట్టుంది," అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నోరు విప్పేవాణ్ణా? ఏమో. లోపలికెళ్లి చాయ్ తెచ్చింది.

"ఆయన స్విచ్చి ఏసి చాయ్ అడిగెటోడు. తాగినంకనే వాయించెటోడు. చాయంటే గంత పిచ్చి," అని నవ్వింది.

వాల్వులు వేడెక్కడానికే ఆయన ఆ చాయ్ తాగేవారు. ఆ ఒక్క ముక్క చెప్పినా సరిపోయేది. నేను చాయ్ తాగాను. బాగుందన్నాను కూడా.

దీన్ని దొంగతనం అనవచ్చా? దొంగకు గోడ దూకే శ్రమైనా ఉంటుంది. నాకు ఆపాయే తలుపు తీసింది, పెట్టెకు ఒక చెయ్యి వేసి ఆటో ఎక్కించింది.

ఇంటికొచ్చి స్విచ్ వేసి, ఈసారి ఆగాను. అదే గొంతు. ఎంత సంతోషపడ్డానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

తుక్కుగూడ, బడంగ్‌పేట్ వైపు ఎన్నోసార్లు ప్రోగ్రాములకు వెళ్లాను, పెట్టె వ్యాన్‌లో ఉండగానే. ఒక్కసారీ ఆపా ఇంటి దగ్గర ఆపమనలేదు. తిడుతుందని భయమా? తిట్టదు. బాగు చేయించావా తమ్మీ, అని సంతోషపడుతుంది, కూతురిని పిలిచి విను విను అంటుంది, అప్పుడు నేను అవునని తలూపి ఇంకో అబద్ధం ఆడతానేమోనన్నదే అసలు భయం. నా సంగతి నాకు తెలుసు కదా.

ఈ పూట స్విచ్ వేసి, దాని పక్కనే కూర్చుని ఇది రాశాను. ఎప్పుడో వేడెక్కింది. సన్నగా గుంయ్‌మంటోంది. నేను రాసినంత మాత్రాన ఆపా పోగొట్టుకున్న ఆరేళ్లు తిరిగిరావు. అయినా గుండెల్లో కాస్త గాలి ఆడుతోంది.

అది చెడిపోలేదు ఆపా. నేనే ఆగలేదు.