కింద పడిన నాజిల్

మా మేస్త్రీ పోయారు. పోయిన సోమవారం పొద్దున, మల్కాపురంలో, ఇంట్లోనే గుండె ఆగిపోయింది. వాళ్ళబ్బాయి ఫోన్ చేసినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇక మా నాజిల్ ఎవరు చూస్తారు?

ఓడల మరమ్మతు యార్డులో మాది బ్లాస్టింగ్ పని. గరుకు ఇసుకలాంటి స్లాగ్‌ను గాలి జోరుతో కొట్టి ఓడ తుప్పు వదిలిస్తాం. ఆ జోరంతా మా చేతిలోని నాజిల్ గుండానే పోవాలి. సిరామిక్‌ది చవక, ఇట్టే అరిగిపోతుంది. టంగ్‌స్టన్ కార్బైడ్‌ది చాలాకాలం నిలుస్తుంది. బోరాన్ కార్బైడ్‌ది ఇంకా మన్నుతుంది, పైగా తేలిక. మేమంతా దానికోసమే ఎగబడేవాళ్ళం. మేస్త్రీకి మాత్రం అదంటేనే హడల్.

“అరిగిపోతే జోరు తగ్గి తెలిసిపోతాది బావా. ఇదలాక్కాదు. కింద పడితే లోపల సీలిపోతాది, పైన రబ్బరు తొడుగు కప్పేత్తాది. ఏటీ అవుపడదు,” అనేవారు.

ఆయన ఎడమ అరచేతిలో బొటనవేలి కింద కండ ఉండేది కాదు. వయసులో ఉన్నప్పుడు అలా చీలిన నాజిల్ ఒకటి స్లాగ్‌ను పక్కకి కక్కిందట. ఆ చెయ్యి ఎదురుగా పెట్టుకునే మేం అన్నాలు తినేవాళ్ళం.

రోజూ పని మొదలెట్టే ముందు ఆ చేత్తోనే నాజిల్ అందుకుని అడిగేవారు, “కింద పడిందేటి?” అని. పడిందంటే తిట్టేవారు కాదు, టీ తెప్పించి, ఆ నాజిల్‌ని తుక్కు డ్రమ్ములో పడేసేవారు. స్టోరు ఆఫీసరు గొడవకొస్తే, “నాజిల్ కొత్తది కొంటారు సార్. సెయ్యి కొంటారేటి?” అనేవారు నవ్వుతూ. పిరికి మేస్త్రీ అని చాటుగా నవ్వుకునేవాళ్ళం. ఆ పిరికితనం వల్లే రోజూ క్షేమంగా ఇల్లు చేరామని ఇప్పుడు తెలుస్తోంది.

దహనమైన మర్నాడే పని మొదలైంది. అప్పటినుంచి నాజిల్ గురించి ఎవరూ అడగలేదు. ఈ ఉదయం ఆయన చోట నన్ను నిలబెట్టారు. నాజిల్ అందుకున్నాను.

“కింద పడిందేటి?” అన్నాను.

నిన్న నాజిల్ పట్టినతను తల దించుకుని గ్లవ్స్ సర్దుకుంటున్నాడు. ఏం చెయ్యాలో తోచక టీ తెప్పించాను. గ్లాసు అందుకుంటూ అతను మెల్లగా అన్నాడు.

“సాయంత్రం సర్దుతుంటే జారిపోనాది బావా.”

నాజిల్ నా చేతిలోనే ఉంది. తిప్పి తిప్పి చూశాను. పైకి చిన్న గీత కూడా లేదు.