అప్ప ఎక్కిన తెప్ప

స్టీలు ప్లాంటులో సి-షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి ముందుగదిలో చాప మీద మా చిన్నదాని కొత్త పుస్తకాలు పరిచి ఉన్నాయి. అట్టలు నేనే వెయ్యాలట, నిద్ర ఆ తర్వాతేనట. ఖాకీ కాగితం, జిగురు, ఇంకా ఘాటు పోని అచ్చు సిరా, అన్నీ కలిసి ఒక వాసన. ఆ వాసన పీలిస్తే చిన్నతనం గుర్తొచ్చి ముచ్చటేస్తుందని చాలామంది అంటారు. నాకు మాత్రం ఒళ్ళంతా నీరసం వస్తుంది. రాత్రంతా ఫర్నేసు వేడి దగ్గర నిలబడిన అలుపు వేరు, అది పడుకుంటే పోతుంది. ఇది పడుకున్నా పోదు.

మాది ఉక్కునగరానికి అవతల, సముద్రం ఒడ్డున ఒక పాలెం. మా పాలెంలో బడీ సముద్రమూ ఇంచుమించు ఒకే వారం తెరిచేవారు. ఎండాకాలమంతా వేట నిషేధం. తెప్పలు ఇసకలో బోర్లా పడుకునేవి, మగాళ్ళు తాటాకు పందిళ్ళ కింద వలలు అల్లుతూ చుట్టలు కాల్చేవారు, మేము పీతల బొరియల వెంట పరుగులు, గూటీబిళ్ళ, ముంజెలు తిని ఆ బుర్రలతో బండ్లు కట్టి ఈడ్చడం, పొద్దున్నే సోడి అంబలి, అదే రాగి అంబలి, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగేసి రోజంతా మళ్ళీ ఇంటి ముఖం చూడకపోవడం. మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు రాలేసరికి తెప్పలకి పసుపూ బొట్టూ పెట్టి, గంగమ్మకి కోడిని కోసి, కొబ్బరికాయ కొట్టి, ఊరంతా కలిసి ఒక్కొక్క తెప్పనీ నీళ్ళలోకి తోసేవారు. తెప్ప ఒక్కడి వల్ల కదిలేది కాదు. నీ తెప్పకి నేను, నా తెప్పకి నువ్వు, అదీ మా బతుకు. ఆ మొదటి వేట నెత్తళ్ళతో అమ్మ చింతపండు పులుసు పెడితే వీధి వీధంతా ఒకటే వాసన, ఇప్పుడు ఏ ఫ్రిజ్జులో చేపకీ ఆ రుచి రమ్మన్నా రాదు.

ఆ రోజుల్లో మా ఇంట్లో బడికెళ్ళేది నేను కాదు, మా అప్ప. మా వైపు అక్కని అప్ప అంటారు. పైడమ్మ దాని పేరు. నాకంటే రెండేళ్ళు పెద్దది, నాలుగో తరగతి. బడికెళ్ళే పిల్లలకి నెలనెలా బియ్యం ఇచ్చేవారు, ఆ బియ్యం కోసం దాన్ని పంపేవారు. నేను మగపిల్లాణ్ణి కాబట్టి ఒడ్డున పనికొచ్చేవాణ్ణి. తెప్ప ఎక్కి తాడు పట్టడం, చేపలు ఏరడం, ఎండబెట్టిన కవళ్ళ చేపల మీద వాలే కాకుల్ని తోలడం, ఉయ్యాల్లో ఉన్న తమ్ముణ్ణి చూసుకోవడం నా వంతు. అప్పకి చదువంటే పిచ్చి. బజ్జీలు చుట్టిచ్చిన కాగితం నూనె మరకలతో సహా చదివేది. సాయంత్రం ఇసకలో పుల్లతో లెక్కలు వేసి, అల వచ్చి చెరిపేస్తే అలనే తిట్టేది.

అలాంటి ఒక జూన్‌లో జీపొచ్చింది. అందులోంచి దిగిన ఆఫీసర్లు, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలంతా బడిలో ఉండి తీరాలి, పనిలో పెడితే కేసులు పెడతామని గట్టిగా చెప్పి, కొబ్బరినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. జీపు దుమ్ము సర్దుకోకముందే మా కులపెద్ద మసేను తాత గంగమ్మ గుడి ముందు ఊరిని కూర్చోబెట్టాడు. మంచి మనిషే. "ఆలొత్తారు, ఎల్తారు. మన గుంటలు మన బాధ. కట్టు మనవే ఎట్టుకుందారి" అన్నాడు. మా వైపు పిల్లల్ని, ఆడైనా మగైనా, గుంటలంటారు. ఆ కట్టు, అంటే ఊరి కట్టుబాటు, ఏమిటంటే, బడి వయసు గుంట ఎక్కిన తెప్పకి ఊళ్ళో ఒక్కడు కూడా భుజం వెయ్యకూడదు. తోసేవాళ్ళు లేకపోతే తెప్ప దిగదు, తెప్ప దిగకపోతే కూడు లేదు. ఏ ప్రభుత్వమూ చెయ్యలేని పని ఆ ఒక్క మాట చేసింది. ఒడ్డున వదిలిన మగపిల్లాడు తెప్ప ఎక్కకుండా ఆగడు కాబట్టి, మర్నాటికల్లా పాలెంలో మగపిల్లలందరూ ముక్కులు చీదుకుంటూ రేకుల బడిలో కూర్చున్నారు. నేనూ ఉన్నాను, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి.

మరి ఒడ్డున పని? అదెక్కడికీ పోదు కదా! కాకులు బడికెళ్ళవు, తమ్ముడు ఉయ్యాల్లోనే ఉన్నాడు. నేను బడికెళ్తే నా పేరున ఎలాగూ బియ్యం వస్తాయి, లెక్క సరిపోయింది. అదే వారం అప్ప చేతిలోంచి పలక నా చేతిలోకొచ్చింది, నా చేతిలోంచి కాకుల్ని తోలే కర్ర దాని చేతిలోకి పోయింది. మా ఒక్క ఇంట్లోనే కాదు, వీధి వీధంతా అంతే. మగపిల్లల్ని బడికి తోలిన కట్టు ఆడపిల్లల్ని బడిలోంచి లాగేసింది. ఎవరూ కావాలని చెయ్యలేదు. మా వాళ్ళకి తెలిసిన శిక్ష తెప్పని ఆపడం ఒక్కటే, ఆడపిల్లలు తెప్ప ఎక్కరు. ఆడది తెప్ప ఎక్కితే గంగమ్మ కన్నెర్ర చేస్తుందని నమ్మకం.

పట్నం నుంచి బస్సులో వచ్చే టీచరమ్మ ఊరుకోలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఇసకలో నడుచుకుంటూ మసేను తాత దగ్గరికెళ్ళి, ఆడపిల్లలు పిల్లలు కాదా అని నిలదీసింది. నేను ఆవిడ వెనకే ఉన్నాను. తాత పాపం నిజంగానే ఆలోచించాడు.

"నిజవేనమ్మా. గానీ ఆడగుంట తెప్పెక్కదు కదా. ఏ తెప్పనాపమంతావు?"

టీచరమ్మ కుచ్చిళ్ళు దులుపుకుని వెనక్కి నడిచింది. ఇంటికొచ్చి నేను ఆ మాట తమాషాగా అందరికీ చెప్పాను. అప్ప చంకలో తమ్ముణ్ణి వేసుకుని వింది.

మర్నాడు తెల్లారగట్ల మా అయ్య వల భుజానేసుకుని ఒడ్డుకెళ్ళేసరికి మా తెప్ప మీద అప్ప కూర్చుని ఉంది. మధ్యలో, బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో నా పలక పెట్టుకుని. నేను నిద్ర కళ్ళతో పరుగెత్తాను. ఊరంతా మూగింది. ఆడవాళ్ళు "ఓలమ్మో, ఎంత పని సేసినావే" అని బుగ్గలు నొక్కుకున్నారు. అయ్య ముఖం కందగడ్డయిపోయింది. చెయ్యెత్తాడు గానీ, తెప్ప మీద ఉన్న మనిషిని కొట్టకూడదు, అదీ మా ఆనవాయితీయే. మసేను తాత వచ్చాడు. దాన్ని చూశాడు, తెప్పని చూశాడు.

"ఎవుడూ సెయ్యెయ్యకండి" అన్నాడు చివరికి.

"ఆడగుంటకి కట్టేటి పెద్దా?" అని అయ్య అరిచాడు.

"ఎక్కింది ఆడో మగో తెప్పకేటి తెలుత్తాదిరా! బడీడు గుంట ఎక్కింది. కట్టు కట్టే."

ఆ పూట మా తెప్ప దిగలేదు. ఎండ నెత్తికెక్కేదాకా అప్ప దిగలేదు. అయ్య గంగమ్మ మీద ప్రమాణం చేసి "పంపుతానే తల్లీ, దిగు" అంటేనే దిగింది. తర్వాత తెప్పని పసుపునీళ్ళతో కడిగారు, కోడిని కోశారు, అయ్య అప్పతో చాన్నాళ్ళు మాట్లాడలేదు. కాకుల పని అమ్మా నేనూ పంచుకున్నాం. తమ్ముణ్ణి అప్ప బడికే తెచ్చేది. టీచరమ్మ కిటికీ ఊచకీ తలుపుకీ మధ్య పాత చీరతో ఉయ్యాల కట్టించింది. అప్ప ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ ఇంకో చేత్తో రాసేది, అయినా క్లాసులో ఫస్టే. ఆ తర్వాత పై ఊరి హైస్కూలుకి కూడా నడిచే వెళ్ళింది.

కథ ఇక్కడ ఆగిపోతే ఎంత బాగుండేది! నాకిప్పటికీ ఇక్కడే ఆపెయ్యాలనిపిస్తుంది.

ఎనిమిదో తరగతి సగంలో ఉండగా అప్పకి పద్నాలుగు నిండాయి. పుట్టినరోజులు మాకెక్కడ తెలుసు, ఏ గాలివానకి పుట్టిందో దాన్ని బట్టి అమ్మ లెక్క కట్టింది. జీపు వాళ్ళు చెప్పింది పద్నాలుగు దాకానే, మసేను తాత కట్టూ అంతే. "ఇంక తప్పు నేదు" అన్నాడు అయ్య, తేలిగ్గా, పగేమీ లేకుండానే. అప్ప గుడి దాకా వెళ్ళి తాతని అడిగింది. ఆయన తల దించుకుని, కట్టు దాటిపోయిందమ్మా అన్నాడు. తెప్ప ఎక్కి కూర్చున్నా ఆపే వీలు లేదు, ఒట్టి అపచారం అవుతుంది, అంతే. దాని పుస్తకాలు అటక ఎక్కాయి. రెండేళ్ళకి నాకూ పద్నాలుగు నిండాయి. నన్ను మాత్రం ఎవరూ మానమనలేదు. చదివిన మగపిల్లాడికి కంపెనీలో ఉద్యోగం వస్తుందని అప్పటికి ఊరికి తెలిసిపోయింది. ఏడుస్తూ వెళ్ళినవాణ్ణి ఐటీఐ దాకా చదివాను. చదువు కోసం తెప్ప ఎక్కిన అప్ప మా అమ్మ వెనక చేపల బుట్ట ఎత్తుకుంది. ఇదేం న్యాయమో, తలుచుకుంటే విసుగు తప్ప ఏమీ రాదు.

ఇప్పుడు పాలెం వెళ్తే వేరే ఊరికి వచ్చినట్టుంటుంది. తెప్పల్ని ట్రాక్టరు లాగుతోంది, తొయ్యడానికి భుజాలేవీ? చదువుకున్న కుర్రాళ్ళంతా పొద్దు పొడవకముందే అచ్యుతాపురం ఫ్యాక్టరీల బస్సులెక్కి పోతారు. సాయంత్రం తిరిగొచ్చి సముద్రం వైపు వీపు పెట్టి ఫోన్లు చూసుకుంటారు. రేకుల బడిలో పిల్లలు తగ్గిపోయి దాన్ని ఇంకో బడిలో కలిపేశారు, అందులో ఇప్పుడు వలలు దాస్తున్నారు. మసేను తాత పోయాడు. కట్టు మాట చెప్పినా అర్థమయ్యేవాళ్ళు లేరు.

అట్టలు సగమయ్యాయో లేదో గుమ్మంలో బుట్ట దించిన చప్పుడు. అప్ప. ఉక్కునగరంలో మా సెక్టారులో చేపలమ్మే రోజు ముందు మా ఇంటికొచ్చి నీళ్ళు తాగుతుంది. అదే సమయానికి మా చిన్నది యూనిఫాం వేసుకుని, కుర్చీలో ముడుచుకుని, బడికెళ్ళనంటే వెళ్ళనని రాగం తీస్తోంది. వీధి చివర స్కూలు బస్సు హారన్ కొడుతోంది.

"అత్తా, నిన్ను కూడా ఇలాగే బలవంతంగా పంపేవారా?" అని అడిగింది మేనత్తని.

అప్ప నా వైపు చూడలేదు. చెంగుతో చేతులు తుడుచుకుంది.

"ఆఁ, ఎనిమిది దాకానమ్మా. ఆ పైన నన్నెవులూ బలవంతం సెయ్యనేదు."

"అబ్బ, ఎంత లక్కీ అత్తా నువ్వు!"

అప్ప వంగి, దాని కాలు ఒళ్ళో పెట్టుకుని బూటు తొడిగింది.

"నీకు బలవంతం సేసేటోలు ఇంతమందివున్నాం. లెగమ్మా, లెగు" అంది.