అత్తగారు మెచ్చిన గింజల కాఫీ

మొన్న ఆదివారం వంటింట్లో ప్రెస్ సర్దుతుంటే (ఇక్కడ ఐర్లండులో అలమారను అలాగే అంటారు, ఇన్నేళ్లకు మా నోటికీ అదే అలవాటైంది) వెనకమూల ఒక గాజు సీసా దొరికింది. అడుగున చెంచాడు నల్లటి పొడి గడ్డకట్టి ఉంది. మూత తీయగానే వేయించిన గింజల వాసన గుప్పుమంది. నా గుండె ఝల్లుమంది. ఒక పొడి వాసనకు భయపడే మగవాణ్ణి మా ఊరు బాలింకాలిగ్ మొత్తానికి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

కరోనా వచ్చిన ఏడు మా అత్తగారు కూతుర్ని చూద్దామని గుంటూరు నుంచి వచ్చి, విమానాలు ఆగిపోవడంతో మా ఇంట్లోనే ఉండిపోయారు. మా ఆవిడ నర్సు, అన్నీ రాత్రి డ్యూటీలే. నేను మందుల కంపెనీ ఉద్యోగం ఇంటినుంచి వెలగబెడుతున్నాను గనుక పొద్దున్నే అత్తగారికి కాఫీ పెట్టే భాగ్యం నాకు దక్కింది. అల్లుణ్ణి పల్లెత్తు మాట అనకూడదని ఆవిడ నియమం. కానీ ఆవిడ ముక్కుకు అలాంటి నియమాలేవీ లేవు. డికాక్షను ఏమాత్రం పలచబడినా గ్లాసు అందుకోకముందే ముడుచుకుపోయేది. అలాంటి మనిషికి గుండెదడగా ఉంటోందని జీపీ, అంటే ఇక్కడి మా ఇంటి డాక్టరు, ఫోనులోనే కాఫీ మాన్పించేశాడు. ఆవిడ ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

సంగతి తెలిసి పక్కింటి గ్వాటెమాలా ఆవిడ ఈ సీసా తెచ్చి మా గోడమీద పెట్టి, దూరంగా జరిగి నిలబడి వివరం చెప్పింది. వాళ్ల దేశంలో మాయా జాతివాళ్లు అడవిలో రాలిన రామోన్ గింజలు ఏరుకొచ్చి ఉడికించి తింటారట, ఎండబెట్టి పిండిచేసి రొట్టెలు కాలుస్తారట, వేయించి పొడికొట్టి కాఫీలా తాగుతారట. గుండెకు ఏ హానీ లేదట. ఇది కాఫీ కాదని ముందే చెప్పి, పాలూ చక్కెరా కలిపి అత్తగారికి ఇచ్చాను. ఆవిడ వాసన చూసి, "చింతగింజలు వేయించినట్టుంది బాబూ. మీరు తాగండి," అని గ్లాసు మర్యాదగా నా వైపు జరిపారు.

వారం తిరక్కుండా ఒక పొద్దున ఆవిడ తలనొప్పిగా ఉందనీ, వేడిగా ఏదైనా ఇమ్మనీ అడిగారు. ఆ పొడే కలిపి ఇచ్చాను. గ్లాసు ఖాళీ చేసి, "బాగుంది బాబూ, ఇవాళ కుదిరింది," అన్నారు. నేను పొంగిపోయాను. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన మా ఆవిడకు గుమ్మంలోనే గొప్పగా చెప్పాను.

ఆమె మొహం పాలిపోయింది. "అమ్మ బాగుందందా? ఆ పొడినా?"

బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకి పరిగెత్తి, ఇంగువ డబ్బా తెచ్చి తల్లి ముక్కు దగ్గర పెట్టింది.

"ఏ వాసనా రావట్లేదే," అన్నారు అత్తగారు అమాయకంగా.

వేలికి ఆక్సిజన్ చూసే మిషను పెట్టి, అందులో అంకె చూసి, మా ఆవిడ వెంటనే అంబులెన్సుకు ఫోను చేసింది. ఆయాసం ఇంకా పైకి తెలియనే లేదు. ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యగలిగిందేమీ ఉండేది కాదని తర్వాత డాక్టరు అన్నాడు. రోజూ పరాయివాళ్ల తల్లులకు సేవ చేసే మా ఆవిడకు సొంత తల్లి మంచం పక్కన నిలబడే వీలు లేకపోయింది.

దేవుడి దయవల్ల ఆవిడ తిరిగొచ్చారు గానీ వాసన తిరిగి రాలేదు. ఏది పెట్టినా "బాగుంది బాబూ" అనేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు జలదరించేది. రోజూ పొద్దున్నే అదే పొడి కలిపి ఇచ్చి, ఆవిడ మొహంలోకి చూస్తూ నిలబడేవాణ్ణి. చివరికి ఒకరోజు గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది. ముక్కు ముడుచుకుంది.

"ఏంటయ్యా ఇది? మళ్లీ ఆ చింతగింజలేనా? మనుషులు తాగేదేనా?"

మా ఆవిడ మెట్లమీదే కూలబడి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. ఏం తప్పు మాట అన్నానోనని అత్తగారు కంగారుపడ్డారు.

మొన్న ఆదివారం ఆ సీసా మూత బిగించి మళ్లీ ప్రెస్ వెనకమూలే పెట్టేశాను. నన్ను మెచ్చుకున్న మాటలన్నీ కాలం పట్టుకుపోయింది గానీ, ఆ ఒక్క తిట్టును మాత్రం నాకే వదిలేసింది.