పసుపు పూసిన శంకుస్థాపన రాయి

మా ఊరికీ హైస్కూలుకీ మధ్య ఒక గెడ్డ, అంటే చిన్న ఏరు, ఉంది. వేసవిలో చీర కాస్త పైకెత్తుకుని దాటేస్తాం. ముసురు పట్టిందంటే మాత్రం గజ ఈతగాడు కూడా ఒడ్డునే ఆగుతాడు. అందుకే ఈ ఊళ్ళో నా ఈడు ఆడవాళ్ళు హైస్కూలు గడప తొక్కలేదు. నాకైతే అక్షరాలు వచ్చిందే మా కోడలు కాపురానికి వచ్చాక. మధ్యాహ్నాలు జీడిపిక్కలు కొట్టడం అయ్యాక నేల మీద బొగ్గుతో రాసి నా చేత దిద్దించేది.

"అత్తా, అలగ గరిటి పట్టినట్టు పడితే అచ్చరం రాదు, పప్పుసారు వస్తాది" అని నవ్వేది.

చదవడం పట్టుబడ్డాక సబ్బు కాగితాలూ, గ్యాసు బండలూ, మనవరాలి పుస్తకాలూ అన్నీ చదివేశాను. ఇంట్లో రాతలు అయిపోయాక ఊళ్ళో రాతల మీద పడ్డాను. మా ఊళ్ళో అన్నిటికన్నా పెద్ద రాత గెడ్డ ఒడ్డున ఉన్న రాయి మీద ఉంది. తీరా వెళ్ళి చూస్తే వేలెడు మందాన పసుపు పేరుకుని ఉంది. ఒక్క అక్షరమూ కనబడలేదు.

ఆ రాయి పాతినప్పుడు నేను కొత్త కోడలిని. అంతకు కొంచెం ముందే మొదటిసారి ఓటు వేశాను. మా ఊళ్ళో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. ఓట్ల ముందు రోజు పెద్దమనుషులు కళ్ళంలో కూర్చుని ఊరు మొత్తానికి ఒకే గుర్తు తేల్చేవారు. ఆ కబురు మగవాళ్ళు ఇంటికి తెచ్చేవారు, మేం వెళ్ళి ముద్ర గుద్ది వచ్చేవాళ్ళం. అలా మేమంతా గుద్దిన మనిషి గెలిచి ఎమ్మెల్యే అయ్యాడు. జీపులో వచ్చి, వంతెన కోసమని గెడ్డ ఒడ్డున రాయి పాతి, కొబ్బరికాయ కొట్టాడు. "వచ్చే ముసురుకి మీ కాళ్ళు తడవవమ్మా" అని చేతులెత్తి దండం పెట్టాడు. మాకు దండం పెట్టిన మొదటి పెద్దమనిషి ఆయనే. ఆ రాత్రి ఊళ్ళో ఆడవాళ్ళందరం దాని గురించే మాట్లాడుకున్నాం.

వంతెన రాలేదు. ఎందుకు రాలేదో నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. మా నియోజకవర్గానికి ఆ గెడ్డే సరిహద్దు. ఈ ఒడ్డు ఆయనది, ఆ ఒడ్డు వేరే పార్టీ ఎమ్మెల్యేది. వంతెనకి రెండు ఒడ్లూ కావాలి కదా. ఈయన ఈ చివర అడిగితే, ఆయన తన మనుషులున్న చోట అడిగాడు. ఆఫీసుల్లో కాగితాలు అటూ ఇటూ తిరుగుతుండగానే మళ్ళీ ఓట్లొచ్చాయి, మా ఎమ్మెల్యే ఓడిపోయాడు. రాయి మాత్రం మిగిలింది. దాని మీద మేకలు ఎక్కి నిలబడేవి.

తరవాత ఒక ఏడు గెడ్డ పొంగింది. నీళ్ళు పొలాలు ముంచి, ఊరి మీదికి వచ్చి, సరిగ్గా ఆ రాయి దగ్గర ఆగాయి. ఇళ్ళలోకి చుక్క రాలేదు. మా పెద్దత్త, అంటే మా మామగారి వదిన, తెల్లారగానే వెళ్ళి రాయికి పసుపు పూసి బొట్టు పెట్టింది.

"అది వంతెనకి ఏసిన రాయి కదా, పిన్నీ" అని ఎవరో నవ్వారు.

"నవ్వండే, నవ్వండి. ఏసినోడు ఎవుడైతే ఏటి? నీళ్ళని ఆపినాది అమ్మోరు" అంది పెద్దత్త.

ఆ ఏటి నుంచి ముసురు ముందు మేమంతా కుండల్లో పసుపు నీళ్ళు, వేపమండలు పెట్టుకుని వెళ్ళి ఆ రాయికి ముర్రాటలు పోస్తున్నాం. కొత్తగా వచ్చిన కోడళ్ళకి అది అమ్మవారని తప్ప ఇంకేమీ తెలియదు.

ఎమ్మెల్యేలు మారుతూ వచ్చారు. వాళ్ళని తిట్టేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు, ఆ పని వాళ్ళకే వదిలేస్తాను. ఒకాయన మా వీధికి బోరు వేయించాడు. చెలమ నీళ్ళు తోడి తోడి వంగిపోయిన నా నడుం ఆ ఏడు నిటారైంది. ఆయన్ని ఇప్పటికీ బోరు బావు అంటాం, మా వైపు బాబుని అలాగే పిలుస్తాం. ఒకావిడ వచ్చింది, పొట్టిగా, గట్టిగా మాట్లాడేది. మా ఊరి నుంచి కోటబొమ్మాళి సంతకి తారురోడ్డు ఆవిడ చలవే. ప్రచారానికి వచ్చినప్పుడు మా అరుగు మీద కూర్చుని గంజి అడిగి తాగింది. ఇంకొకాయన మా ఊరికి ఒక్కసారి కూడా రాలేదు. ఆయన హయాంలోనే నాకు పింఛను వచ్చింది. రాకపోయినా ఇచ్చాడు కదా అనుకుంటాను.

ఆ తరవాత నియోజకవర్గాలు తిరగరాశారు. మా నియోజకవర్గం పేరే లేకుండా పోయింది. గెడ్డకి అవతల ఊళ్ళతో కలిపి మమ్మల్ని వేరే దాంట్లో పడేశారు. మగవాళ్ళు టీకొట్టు దగ్గర చావు కబురు విన్నట్టు కూర్చున్నారు. "మన పేరు కొట్టీసినారు, ఇంక మనల్ని ఎవులు సూస్తారు?" అని మా ఆయన రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. జరిగింది వేరు. రెండు ఒడ్లూ ఒక్క ఎమ్మెల్యే కిందికి వచ్చాయి. ఆలస్యమైనా, ఇప్పటి ఎమ్మెల్యే వచ్చాక వంతెన మంజూరైంది.

కోతలయ్యాక పని మొదలుపెట్టారు. సున్నంతో గీత గీస్తే అది నేరుగా రాయి మీదుగా వెళ్ళింది. మిషను తెచ్చిన కుర్రాళ్ళు పసుపు చూసి చెప్పులు విప్పి దండం పెట్టుకున్నారు, మేం దాన్ని ముట్టుకోం అన్నారు. పెద్దత్త కర్ర పట్టుకుని రాయి పక్కనే చేరగిలబడింది.

"అమ్మోర్ని పీకితే ఊరు మునుగుతాది. ఒంతెన అటేపు కట్టుకోండి" అంది.

"అటేపు నేల మెత్తన మామ్మా, ఆగదు" అని కంట్రాక్టరు బతిమాలాడు. పది రోజుల్లో తేల్చకపోతే మిషను వేరే పనికి పోతుందని, మళ్ళీ వచ్చే ఏడే అని చెప్పి వెళ్ళాడు.

వచ్చే ఏడు అనే మాట మా ఇంట్లో మనవరాలి మీద పడింది. ఊరి బడిలో దాని చదువు అయిపోవచ్చింది. ఇక హైస్కూలే. నా కొడుకు చెడ్డవాడు కాదు, గెడ్డంటే భయం. "ముసుర్లో ఆడగుంటని గెడ్డలో దింపమంటావేటమ్మా? ఒంతెన అయ్యాక సదూతాది. ఒక్క ఏడు ఆగితే ఏటయిపోద్ది?" అన్నాడు. ఒక్క ఏడు ఆగిన ఆడపిల్ల మళ్ళీ బడికి వెళ్ళడం మా ఊళ్ళో నేను చూడలేదు. ఆ పిల్ల హైస్కూలుకని దాచుకున్న పుస్తకాలు సంచిలో సర్ది గోడకి తగిలించింది. 

అప్పుడు నాకు సంబరం రాట గుర్తొచ్చింది. మా వైపు అమ్మవారి సంబరానికి ఏ చెయ్యి రాట పాతుతుందో ఆ చెయ్యే దాన్ని తీయాలి. అలా తీస్తే దోషం ఊరికి అంటదు. పెద్దత్త దగ్గర కూర్చుని అడిగాను.

"ఈ రాయి పాతిన చెయ్యి ఉన్నాది కదా, పెద్దత్తా. ఆ బావే వచ్చి తీస్తే?"

పెద్దత్త కర్ర నేలకి ఆనించి నా వైపు తిరిగింది. "రమ్మను సూద్దాం. ఓట్లు లేనప్పుడు వస్తాడేటి?"

కోడలు ఎవరెవరినో అడిగి ఆయన ఫోను నంబరు పట్టుకుంది. ఆయన శ్రీకాకుళంలో కూతురి దగ్గర ఉంటున్నాడు. విషయం వినగానే సరే అన్నాడట. మూడో రోజు ఆటోలో వచ్చాడు. జీపూ లేదు, వెనక మనుషులూ లేరు. కళ్ళద్దాలు తుడుచుకుంటూ చుట్టూ చూశాడు.

"ఏటి బావూ, ఇన్నాళ్ళకి దారి తెలిసినాదేటి?" అంది పెద్దత్త.

"దారి తెలుసమ్మా, మొకమే నేదు. ఇంతకీ నా రాయి ఏదీ?"

"నీ ఎదురుగే ఉన్నాది."

"ఇది అమ్మోరు కదమ్మా" అన్నాడాయన, చెప్పులు విప్పేస్తూ.

మేమంతా పగలబడి నవ్వాం. పెద్దత్త కూడా నవ్వింది. గెడ్డ పొంగిన కథ ఆవిడే చెప్పింది. విన్నంతసేపూ ఆయన రాయి మీద చెయ్యి వేసి ఉంచాడు. "ఈ రాయి తలుసుకుంటే సిగ్గేసీది. ఇటేపు రావాలంటే బెంగ" అన్నాడు. తరవాత పెద్దత్తకి చేతులు జోడించి, "నానే పాతినాను, నానే తీస్తాను. అమ్మోరికి కోపం వస్తే నా మీదే పడతాది" అన్నాడు.

"నీళ్ళకి ఎదురుగుండేటట్టు పెట్టాల మరి" అంది పెద్దత్త. ఆ మాట అంటూనే కర్ర ఊతంగా లేచి నిలబడింది.

డప్పులు వచ్చాయి. వీధి వీధినా కుండలు లేచాయి. అందరం ముర్రాటలు పోశాం. ఎన్నో ఏళ్ళ పసుపు కరిగి పాయలు పాయలుగా జారింది. దాని కింద నుంచి అక్షరాలు బయటపడ్డాయి. నేను వంగి చదివాను. ముందు ఆయన పేరు, ఆ కింద మా పాత నియోజకవర్గం పేరు. కూడబలుక్కుంటూ చదివినా గట్టిగానే చదివాను.

"నా పేరు ఈ ఊళ్ళో ఎవులైనా సదవడం ఇదే మొదలమ్మా" అన్నాడాయన.

"ముద్ర గుద్దినప్పుడు సదువు రాదు బావూ. ఇప్పుడొచ్చినాది" అన్నాను.

ఆయన గునపం అందుకుని మొదటి పోటు వేశాడు. తరవాత మగవాళ్ళు సాయం పట్టారు. రాయిని మోసుకెళ్ళి ఎగువన, నీళ్ళకి ఎదురుగా నిలబెట్టారు. మర్నాడే మిషను గొంతు వినబడింది. బడులు తెరిచేనాటికి శ్లాబు ఆరింది. గోడకి తగిలించిన సంచి నా కొడుకే దించి కూతురి భుజాన వేశాడు.

వంతెన ప్రారంభానికి ఇప్పటి ఎమ్మెల్యే వచ్చాడు. పాతాయన్ని పిలిపించి పక్కన నిలబెట్టుకున్నాడు. ఆ మర్యాదకి ఆయనకి నా దండం. వంతెన మొదట్లో ఇప్పటి ఎమ్మెల్యే పేరుతో, బంగారు రంగు అక్షరాల నల్లరాయి బిగించారు. జనం వెళ్ళిపోయాక పెద్దత్త మా కోడలిని కేకేసింది.

"ఒసే, ఆ కొత్త బావు రాయికీ కూసింత పసుపు పుయ్యే. నీళ్ళకేటి తెలుసు, ఎవులిదో!"

కోడలు గిన్నె పట్టుకుని బయల్దేరింది. నేను వెనకే వెళ్ళాను.

"అంచుల్లోనే పుయ్యే, అమ్మా. అచ్చరాలు ఒగ్గీ, కనబడాల" అన్నాను. అవతలి ఒడ్డు నుంచి పిల్లలు బడి వదిలి వస్తున్నారు. వాళ్ళలో మా పిల్ల కాళ్ళు పొడిగా ఉన్నాయి.