కొడుకు మీద సాక్ష్యం చెప్పిన మావయ్య

సందులో ఎవరైనా సైకిలు స్టాండు వేసిన చప్పుడు వింటే ఇప్పటికీ నా చెయ్యి టీ గిన్నె వైపు పోతుంది. టాటానగర్‌లో మా బర్మామైన్స్ పేటలో ఇప్పుడు సైకిళ్ళే తక్కువ, అన్నీ మోటారుబళ్ళు. నిన్న సాయంత్రం పాలవాడు ఎవరో కొత్తగా వచ్చి గుమ్మం ముందు స్టాండు వేశాడు. సింహాచలం మావయ్యే అనుకుని తలుపు దాకా వెళ్ళాను. ఆయన ఇక లేడన్న సంగతి తలుపు తీశాక గుర్తొచ్చింది.

మావయ్య మా అమ్మకు తమ్ముడు, నాకు మామగారు కూడా. మేనరికం కదా, ఆయన కొడుకు రమణకే నన్నిచ్చి చేశారు. పొసగలేదు, కోర్టు విడాకులిచ్చింది. మొగుడూ పెళ్ళాల్ని విడదీయడం కోర్టుకి చేతనైంది గాని, మావయ్య ఎవరి వాటాకి వస్తాడో తేల్చడం దానివల్ల కాలేదు. రమణ నాకూ మా అమ్మాయి పూజకూ ఇవ్వవలసిన భరణం ప్రతి నెలా ఆయనే తెచ్చేవాడు. టాటానగర్ రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. డబ్బు నా చేతికివ్వడానికి మొహమాటపడి దేవుడి గూట్లో పెట్టి, గుమ్మంలో కూర్చుని టీ తాగేవాడు. కొడుకు సంగతి ఆయన చెప్పడు, నేను అడగను. "తాతా, అందర్ బైఠో నా" అని పూజ హిందీలో లోపలికి పిలిస్తే, తెలుగు నోరు పడిపోయిందా అని తెలుగులో తిట్టి మురిసిపోయేవాడు.

రమణ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాక, భరణం సగం చేసుకోమని పెద్దమనుషులు మా ఇంటికొచ్చారు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మావాళ్ళకి అదొక అలవాటు. కోర్టు తీర్పిచ్చినా సరే, చాప మీద కూర్చుని దాన్ని మళ్ళీ సర్దుతారు. మనలో మనకి కోర్టులేమిటి అంటారు. అప్పటికి పూజ నర్సింగు చదువుతానని పట్టుబట్టి ఉంది. టెల్కో కాలనీలో డాక్టరుగారి దగ్గర చీటీలు రాస్తే నాకొచ్చేది అద్దెకీ తిండికీ సరి. సగం పోతే పిల్ల చదువు ఆగిపోతుంది. అది తెలిసి కూడా సరేననబోయాను. అంత విసిగిపోయి ఉన్నాను. అప్పుడు, రమణ తరఫువాళ్ళలో కూర్చున్న మావయ్య నోరు విప్పాడు.

"యార్డులో సిగ్నలు పాడైతే డ్రైవరుకి కాయితం రాసిత్తారు. నోటిమాట మీద బండి కదల్దు. తగ్గించాలన్నా పెంచాలన్నా జడ్జీగారి కాడ రాయించుకోండి."

ముందు నువ్వెవరి వైపో తేల్చుకో అని ఆయన మీద రుసరుసలాడుతూ వచ్చినవాళ్ళు లేచిపోయారు. మావయ్య మాత్రం ఉండిపోయి, భరణం పెంచమని అర్జీ పెట్టమన్నాడు. అదీ రమణ జీతంలోంచి నేరుగా బ్యాంకులో పడేలా అడగమన్నాడు. సొంత కొడుకు మీదా మావయ్యా అన్నాను.

"నాను తెత్తన్నాను కాబట్టి వత్తంది గుంటా. నాను పోతే ఎవలు తెత్తారు?"

ఆ కేసు ఎన్ని వాయిదాలు తిరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ కాళ్ళు పీకుతాయి. చివరికి మావయ్యే బోనెక్కి, రమణ జీతమెంతో, గోవింద్‌పూర్‌లో అతను అద్దెకిచ్చిన గదుల మీద ఎంతొస్తుందో దాచకుండా చెప్పాడు. కొడుకుతో తగాదా ఉందా అని జడ్జి అడిగితే, తన యార్డు హిందీలో, లేదు సాబ్, వాడింట్లోనే తింటున్నాను అన్నాడు. రమణ తల వంచుకున్నాడు. నేనూ మావయ్య ముఖం చూడలేకపోయాను.

భరణం పెరిగింది, బ్యాంకులో పడసాగింది. మావయ్య వట్టి చేతులతో వచ్చి టీ తాగి వెళ్ళేవాడు. రమణ ఇంట్లో ఆయన ముందు కంచం పెట్టేవారు గాని పలకరించేవారు కాదట. పోయేదాకా అంతే. ఒక్కనాడూ నాతో ఫిర్యాదు చెయ్యలేదు.

పోయినేడాది రమణ పనిచేసే కార్ఖానాలో అతని విభాగం మూసేశారు. భరణం తగ్గించమని అర్జీ పెట్టాడు. పూజకి ఆఖరి సంవత్సరం. గట్టిగా అడ్డం తిరగమన్నాడు మా వకీలు. వాయిదా రోజున వరండాలో రమణ నా దగ్గరికొచ్చి, కేసు వెనక్కి తీసుకుంటాననీ, ఉద్యోగం దొరికేదాకా సగమే ఇస్తాననీ, మనలో మనం అనుకుందామనీ అన్నాడు. మనిషి సగమైపోయాడు, అబద్ధం కాదు. నాకూ పోట్లాడే ఓపిక లేదు. పూజ ఫీజుకి సాయంత్రాలు ఇంకో పని వెతుక్కోవచ్చు. తగ్గించుకో, కానీ లోపలికి రా, రాయించుకుందాం అన్నాను.

ఉద్యోగం దొరికేదాకా సగం, దొరికాక మళ్ళీ మొత్తం అని జడ్జిగారు రాశారు. బయటికొచ్చాక రమణ మెట్ల మీద కూలబడ్డాడు.

"నాన్న నా వైపు ఒక్కసారీ మాటాడనేదు" అన్నాడు.

"ఇయ్యాల రాయించకపోతే, కాయితం మీద పాత లెక్కే నిలిచిపోయేది. నాకు కోపమొచ్చి కోర్టుకెక్కిన్నాడు, నువ్వివ్వని సగం బాకీ అంతా నీ మెడ మీదే పడేది. రాయించుకోమని ఆయన మాటాడింది నీకోసం కూడాను, బావా" అన్నాను.

విడాకులయ్యాక అతన్ని ఏ పేరుతోనూ పిలవలేదు. చిన్నప్పటి ఆ పిలుపు నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. నా మొగుడు కాకుండా పోయినా, మావయ్య కొడుకు కాకుండా పోడు కదా. రమణ ఏడ్చాడు. అతని ఏడుపు అయ్యేదాకా ఆ మెట్ల మీదే పక్కన కూర్చున్నాను.